ఆది

కిబూయే సంతలో
టైర్ల కొట్టుకీ, ఎండు ఒమెనా చేపల గుట్టకీ మధ్య నా మిషను.
ఇరవై రెండేళ్ళుగా తొక్కుతున్నాను.
కిసుములో సగం మంది భుజాలు
నా టేపుకి తెలుసు.

"మీ నెత్తురులోంచి కొన్ని కణాలు తీస్తాం.
వాటి లోపలి రాతని ఒకచోట కత్తిరించి
కొత్త ముక్క అతుకుతాం.
మళ్ళీ మీకే ఎక్కిస్తాం"
అంది డాక్టర్ చెలిమో.

కత్తెర ఏ నంబరు, అన్నాను.
ఆమె నవ్వింది. నేను నవ్వలేదు.
మొండి కత్తెర గుడ్డని కోయదు, నములుతుంది.
పొరపాటున పక్కన తెగితే?
అప్పుడు నవ్వు ఆపింది.
తెగొచ్చు, అంది. కనిపెట్టి ఉంటాం.
పదిహేనేళ్ళు కనిపెట్టి ఉంటాం.
అప్పటికి నాకు అరవై.

వాడి సంగతి చెప్పమన్నాను.
పూటకో చొక్కా మారుస్తాడట.
ఒంట్లో కాపలావాళ్ళు చొక్కా చూసి పట్టుకుంటారు,
పట్టుకునేసరికి చేతిలో చొక్కానే మిగులుతుంది.
మారనిది ఏదీ లేదా?
ఉంది. ఒక్క కాజా.
మన కణాన్ని తగులుకోవాలంటే
ఏ చొక్కా తొడిగినా ఆ కాజా అక్కడే ఉండాలి.
దాన్ని వెతికి పట్టే నేర్పు
ఏళ్ళ తరబడి జబ్బుతో ఉన్నవాళ్ళలో
ఏ కొందరికో అబ్బుతుందట, అదీ ఆలస్యంగా.
అలాంటి ఒకరి నేర్పుని
నా కణాలకి ముందే కుడతారట.

ఎవరా మనిషి?
పేరు చెప్పకూడదు, అంది.
ముఖం చూడని మనిషి ఆది జాకెట్టు పంపింది,
దాన్ని బట్టి నాకు కుడుతున్నారు.

మా అక్క అకెయో పోయిన ఏడే
ఈ మిషను అప్పుచేసి కొన్నాను.
మొదటి కుట్టు ఆమెకే, తెల్ల గౌను.
నెల కిందటి కొలతలతో కుట్టాను.
తొడిగేసరికి
గౌనులో ఇంకో మనిషి పట్టేంత వదులు.
పిన్నులు పెట్టాను,
ఎవరికీ కనపడకుండా, వీపు కింద.
ఆమెకి గుచ్చుకుంటాయేమోనని
ఒక్క క్షణం చెయ్యి ఆగింది.

ఆ ఏడు వారానికి మూడు చావు బట్టలు.
ఎవరికీ చెప్పలేదు గానీ
ఆ ఏడే నా అప్పు తీరింది.

కాగితం మూడుసార్లు చదివించారు:
ఇది నిన్ను కాపాడుతుందని అనుకోకు.
ఒంటికి హాని చేస్తుందా లేదా, అంతే చూస్తాం.
సంతకం పెట్టాను.
నాలుగు గంటలు, రెండు చేతులకీ రెండు గొట్టాలు.
ఒకదాంట్లో వెళ్ళిన నెత్తురు
ఇంకోదాంట్లో తిరిగొస్తోంది.
మిషను చప్పుడు నా మిషనులాంటిదే,
తొక్కే కాలు లేదు, అంతే తేడా.
పాదం ఊరికే ఆడిస్తుంటే
నర్సు దుప్పటి కప్పింది, చలేస్తోందనుకుని.

ఎనిమిదో వారం, చెలిమో నడకలోనే తెలిసింది.
నా ఒళ్ళు ఆ కాజాని గుర్తుపడుతోంది!
కాగితం మీద గీత ఎక్కుతూ పోతోంది.
ఇరవై నాలుగో వారానికి గీత దిగింది.
ముప్పయ్యో వారానికి
ఉందో లేదో అన్నట్టుంది.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
తుడిచిందే తుడుచుకుంది.
మొదటి జాకెట్టు ఎవరికి పట్టింది తల్లీ, అన్నాను.
ఎక్కడ బిగిసిందో రాసి పెట్టుకో.
నన్ను ఆదిగా ఉంచుకో.
ఆమె ఏదో అనబోయి,
ఊరుకుని,
తర్వాతి తారీఖు రాసిచ్చింది.

సంతకి తిరిగొచ్చేసరికి ఎండ వాలింది.
కొట్టు ముందు బడిపిల్ల ఒకతి, పదహారుంటాయేమో,
యూనిఫాం గుడ్డ చంకలో పెట్టుకుని నిలబడింది.
"లోపల కాస్త బట్ట వదులు, అపొండి పిన్నీ,
ఇంకా పెరుగుతాను"
అంది.

ఎంత, అని అడిగాను
సుద్దముక్క వెతుక్కుంటూ.